మూలపడ్డ మెష్ తలుపుకి చక్రాలు చేయించాను

మీ ఇంట్లో బాల్కనీకి దోమలు రాకుండా పక్కకి జరిపే మెష్ తలుపు ఉందా? ఉంటే ఒక్కసారి లేచి వెళ్ళి, దాన్ని ఒంటిచేత్తో జరిపి చూసి రండి. ఈలోగా నేను కాఫీ కలుపుకుంటాను.

జరిగిందా? అయితే మీరు అదృష్టవంతులు. ఈ కబుర్లు చదివి దాచుకోండి, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయి. అలా కాకుండా భుజం ఆనించి, కాలితో ఒక్క తోపు తోసి, ఆయాసపడుతూ వచ్చారా? అయితే మనిద్దరిదీ ఒకటే కథ!

మాది విజయవాడలో 1998లో కట్టిన అపార్ట్‌మెంటు. హాల్లోంచి బాల్కనీలోకి అల్యూమినియం స్లైడింగ్ తలుపులు. కింద మూడు పట్టాలుంటాయి. రెండింటి మీద అద్దాల తలుపులు, మూడో దాని మీద మెష్ తలుపు. పనివాళ్ళు దీన్ని త్రీ ట్రాక్ అంటారు. మేం గృహప్రవేశం చేసినప్పుడు ఆ మెష్ తలుపు ఎంత తేలిగ్గా ఉండేదంటే, పిల్లలు చిటికెనవేలితో జరుపుతూ బస్సాట ఆడుకునేవారు. తర్వాత్తర్వాత గరగరమనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మధ్యలో ఆగేది. మనం ఊరుకుంటామా? పట్టాలో ఇంత కొబ్బరినూనె పోశాను. రెండు రోజులు బాగానే జరిగింది. మూడో వారానికి ఆ నూనెకి రోడ్డు మీది దుమ్మంతా అంటుకుని నల్లటి ముద్దయి కూర్చుంది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. దయచేసి మీరెవరూ పట్టాలో నూనె పోయకండి.

సరే, ఇన్నాళ్ళూ ఈడ్చుకొచ్చాం కదా, ఇప్పుడేం వచ్చింది అంటారా? మా అత్తయ్యగారు.

ఆవిడకి 78 ఏళ్ళు. పొద్దున్న అయిదున్నరకల్లా లేచి, మెష్ తలుపు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి, తులసమ్మకి నీళ్ళు పోసి, కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ వీధి చూడడం ఆవిడకి ఎన్నో ఏళ్ళ అలవాటు. పాలబ్బాయి ఏ ఇంటికి ఆలస్యంగా వచ్చాడో, ఎవరి పిల్లాడు స్కూలు వ్యాను తప్పించుకున్నాడో అన్నీ ఆవిడకే తెలియాలి. మా వీధికి వేరే సీసీ కెమెరా అక్కర్లేదు. అలాంటి మనిషి పోయిన వేసవిలో బాల్కనీలోకి వెళ్ళడం మానేశారు. "ఏం అత్తయ్యా, బయట కూర్చోవట్లేదా?" అంటే, "ఏముందిలే అమ్మాయ్ అక్కడ, అదే వీధి కదా" అన్నారు. నేనూ నిజమే కాబోలనుకుని వంట హడావుడిలో పడిపోయాను. పదిరోజుల తర్వాత చూస్తే తులసి వాడిపోయి ఉంది. అప్పటికీ నా మట్టిబుర్రకి వెలగలేదు.

ఒకరోజు పొద్దున్నే పెద్ద చప్పుడైంది. పరుగెత్తుకెళ్ళి చూస్తే అత్తయ్యగారు సోఫా చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నారు. తలుపుని రెండు చేతులా లాగితే అది ఆగి ఆగి ఒక్కసారిగా జారిందట. వెనక్కి తూలారు. దేవుడి దయవల్ల సోఫా ఉంది కాబట్టి సరిపోయింది, మోచెయ్యి మాత్రం నల్లగా కమిలింది. "మమ్మల్ని పిలవచ్చు కదా అత్తయ్యా" అన్నాను. "పొద్దున్నే తలుపు తియ్యడానికి కూడా మిమ్మల్ని లేపాలా?" అన్నారావిడ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మావారు వెంటనే, "ఆ దిక్కుమాలిన మెష్ తలుపు పీకి అవతల పారేద్దాం" అన్నారు. నేను ససేమిరా అన్నాను. రెండేళ్ళ కిందట మా చిన్నవాడికి డెంగీ వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ప్లేట్‌లెట్ల లెక్క కోసం రోజూ కాగితం వంక చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. మలేరియా దోమ రాత్రిళ్ళు కుడుతుంది. డెంగీ దోమ అలా కాదు, పట్టపగలే కుడుతుంది. ముఖ్యంగా తెల్లవారాక కొన్ని గంటలు, మళ్ళీ పొద్దుగూకే ముందు. సరిగ్గా మనం గాలి కోసం తలుపులు తీసుకునే వేళలన్నమాట! మలేరియాని దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ దొర 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. అది తెలిసి నూటపాతికేళ్ళు దాటినా, మనింకా సాయంత్రం ఆరింటికి తలుపులు వేసేసి, పగలంతా బార్లా తెరిచి పెడుతున్నాం.

మెష్ ఉండి తీరాలి. కానీ పెద్దావిడ ఒంటిచేత్తో జరపగలగాలి. ఇదీ మా ఇంటి సమస్య.

కొత్తది వేయిద్దామని ఒకతన్ని పిలిచాం. అతను టేపు పెట్టి కొలిచి, మూడు తలుపులూ ఫ్రేముతో సహా తీసేసి యూపీవీసీవి పెట్టాలన్నాడు. 38,000 రూపాయలట! ఒక్క మెష్ తలుపు బాగుచెయ్యమంటే, "ఈ సెక్షన్ ఇప్పుడు రావట్లేదు మేడమ్, దీనికి సామాను దొరకదు" అనేశాడు. ఆ "దొరకదు" అన్న మాటే నాకు పౌరుషం తెప్పించింది. చక్రం అరిగితే బండి పారేస్తామా?

ఆదివారం మావారినీ, పెద్దవాడినీ కూర్చోబెట్టి తలుపు ఊడదీయించాను. ఇది ఇద్దరు మనుషుల పని, ఒక్కరే పూనుకోకండి. తలుపుని రెండు పక్కలా పట్టుకుని పైకి ఎత్తితే, పై పట్టాలో ఉన్న ఖాళీలోకి కొంచెం లేస్తుంది. అప్పుడు కింది అంచుని మనవైపు లాగితే పట్టా మీంచి బయటికి వస్తుంది. లేవకపోతే పైన మూల చిన్న ప్లాస్టిక్ ముక్కేమైనా అడ్డంగా బిగించారేమో చూడండి, అది తీశాక లేస్తుంది. తలుపు నేలమీద దుప్పటి పరిచి పడుకోబెట్టాం. కింది చట్రం లోపల, బోలుగా ఉన్న చోట రెండు చివర్లా రెండు చక్రాలు! ఒక్కో చక్రం ఒక ఇనప గూటిలో ఉంది. ఆ గూడు బయటికి రావాలంటే మూలనున్న పొడవాటి స్క్రూలు విప్పి పక్క చట్రం తియ్యాలి. ఇక్కడే మా వాళ్ళు రెండు గంటలు చెమటోడ్చారు. అల్యూమినియంలో ఇనప స్క్రూ ఏళ్ళ తరబడి ఉంటే తుప్పుపట్టి కరుచుకుపోతుంది. బలవంతంగా తిప్పితే దాని తలమీది గాడి అరిగిపోయి ఇక చచ్చినా రాదు. రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేసి, మర్నాడు స్క్రూడ్రైవరుకీ స్క్రూకీ మధ్య వెడల్పాటి రబ్బరుబ్యాండు పెట్టి గట్టిగా నొక్కి తిప్పితే నాలుగింట్లో మూడు వచ్చాయి. నాలుగోది డ్రిల్లుతో తియ్యాల్సొచ్చింది.

చక్రాలు చూద్దును కదా, పట్టా మీద కూర్చునే గాడి బాగా లోతుకి అరిగిపోయి ఉంది. ఇన్నేళ్ళూ పట్టాలో చేరిన ఇసుకే ఆకురాయిలా వాటిని తినేసింది. లోపలి బేరింగులు తుప్పుతో బిగుసుకుపోయాయి. అంటే చక్రం తిరగడమే మానేసింది, మనం తలుపుని ఈడుస్తున్నామన్నమాట.

ఇప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను, నవ్వకండి. చక్రాలు ఇంట్లోనే పెట్టి, "ఇంత సైజుంటుంది" అని రెండువేళ్ళు చూపించి వన్‌టౌన్‌లో ఒక జత కొనుక్కొచ్చాను. చూడ్డానికి అచ్చంగా అలాగే ఉన్నాయి. తీరా చూస్తే గూడు రెండు మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ, చట్రంలోకి దూరలేదు. మావారు ఆకురాయితో అరగదీసి సుత్తితో కొడితే దూరింది గానీ, గూడు నొక్కుకుపోయి చక్రం తిరగలేదు. 160 రూపాయలు గోవిందా! జాకెట్టు గుడ్డకి మ్యాచింగు కొనడానికి చీర చంకలో పెట్టుకుని వెళతామా లేదా? దీనికీ అంతే. పాత ముక్క హ్యాండుబ్యాగులో లేకుండా కొట్టు గుమ్మం ఎక్కకండి.

రెండోసారి పాతవి పట్టుకెళ్ళాను. నాలుగు కొట్లలో అదే పాట, "ఇవి రావట్లేదమ్మా, మొత్తం మార్చేసుకోండి." అయిదో కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, చక్రం కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడిచి, "దీనిమీద నంబరుందమ్మా చూడు" అన్నారు. బేరింగు పక్కన సన్నటి అక్షరాల్లో 625 అని ఉంది! "చక్రం రాకపోతే మానె, బేరింగు ఎక్కడైనా దొరుకుద్ది. పై తొడుగు లేతు మీద చేయించుకో" అని సలహా చెప్పారు. ఆయన దగ్గర నేను కొన్నది ఒక్క స్క్రూల పొట్లం మాత్రమే. అయినా పావుగంట ఓపిగ్గా చెప్పారు. ఇలాంటి కొట్లవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఈ నంబరు సంగతి మీరూ గుర్తుపెట్టుకోండి, మిక్సీలకీ కుట్టుమిషన్ల మోటార్లకీ కూడా పనికొచ్చే విషయం. చిన్న బేరింగుల మీద ఉండే నంబరు ఏ కంపెనీదైనా ఒకే కొలతని చెబుతుంది. 625 అంటే లోపలి రంధ్రం 5 మిల్లీమీటర్లు, బయటి చుట్టు అడ్డుకొలత 16, మందం 5. నంబరు చివర జడ్ జడ్ అని ఉంటే రెండు పక్కలా దుమ్ము పోకుండా రేకుమూత ఉంటుంది. మనకి కావలసింది అదే.

మర్నాడు మావారి స్కూటరు మీద జవహర్ ఆటోనగర్ వెళ్ళాం. లారీల స్ప్రింగుల చప్పుళ్ళ మధ్య చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నేను నడుస్తుంటే అందరూ వింతగా చూశారు. చూస్తే చూడనీండి. బేరింగుల కొట్లో 625 నాలుగు తీసుకుని, పక్క సందులో లేతు పనిచేసే ఆయన దగ్గరికెళ్ళాం. నా దగ్గర కొలతల కాగితం ఉంది. మా పెద్దవాడు డిప్లొమా చదువుతున్నాడు, వాడి వెర్నియర్‌తో గూడు వెడల్పు, పొడవు, చక్రం మందం, ఇరుసు లావు, గాడి అడుగున చక్రం అడ్డుకొలత అన్నీ రాసిచ్చాడు. గాడి అడుగున 17 మిల్లీమీటర్లుంది. కానీ అది అరిగిన కొలత కదా, కొత్తలో ఎంతుండేదో ఎలా తెలుస్తుంది?

దీనికి జవాబు తలుపు దగ్గరే దొరికింది. గొళ్ళెం కొక్కెం దూరాల్సిన కన్నానికి కిందుగా, చట్రం మీద కొక్కెం గుద్దుకుని గుద్దుకుని గీత పడింది. కన్నానికీ ఆ గీతకీ తేడా 2 మిల్లీమీటర్లు. అంటే తలుపు అంత కిందికి దిగింది. మా ప్లాస్టిక్ గొళ్ళెం ఎందుకు విరిగిందో కూడా అప్పుడే అర్థమైంది. పాపం దాని తప్పేం లేదు, కన్నం తప్పి గోడకి తల బాదుకున్నట్టు చట్రానికి గుద్దుకుంది.

"అయితే 17కి 2 కలిపి 19 చెయ్యండి బాబాయ్" అన్నాను గొప్పగా. లేతు బాబాయ్ నవ్వి, "తలుపు రెండు దిగిందంటే చక్రం పైన రెండు, కింద రెండు అరిగినట్టమ్మా. 21 చెయ్యాలి" అన్నారు. ఇంటర్లో లెక్కలు చదివానని చెప్పుకుంటాను, సగం కొలతకీ పూర్తి కొలతకీ తేడా తట్టలేదు! 19 చేయించుకుని వచ్చుంటే మళ్ళీ తలుపు కిందికే ఉండేది.

ఇనుముతో చేస్తే ఎక్కువ కాలం వస్తాయి కదా అని మావారన్నారు. వద్దన్నారాయన. ఇనప చక్రం మెత్తటి అల్యూమినియం పట్టాని కోసేస్తుందట. చక్రం పోతే మళ్ళీ చేయించుకోవచ్చు, పట్టా పోతే ఫ్రేమంతా మార్చాలి. అందుకని తెల్లటి నైలాన్ కడ్డీ ముక్క పెట్టి, లోపల బేరింగు బిగుతుగా కూర్చునేలా తొలిచి, బయట గాడి తీసి నాలుగు చక్రాలు చేసిచ్చారు. పాత గూళ్ళని బ్రష్షుతో తుప్పు గోకి వాటిలోనే బిగించారు. బేరింగులతో కలిపి మొత్తం 640 రూపాయలు. రెండు తలుపుకి, రెండు నా సూదిదారాల డబ్బాలోకి.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకి సికింద్రాబాదు రాణిగంజ్‌లో ఇలాంటి బేరింగులు, హార్డ్‌వేర్ సామాను దొరుకుతాయి. పాత అల్యూమినియం తలుపులు కొనే స్క్రాపు కొట్లలో కూడా అడిగి చూడండి. మన కాలంనాటి తలుపు అక్కడ పడి ఉంటే, దాని గూళ్ళూ గొళ్ళెమూ మనకి సరిగ్గా సరిపోవచ్చు.

తలుపు ఎలాగూ ఊడదీశాం కాబట్టి మెష్ కూడా మార్చేశాను. పాతది మూల చిరిగి, దానికి నేను వేసిన కుట్లు ఆసుపత్రి కట్లలా ఉండేవి. మెష్ కొనేటప్పుడు చిన్న స్కేలు పట్టుకెళ్ళి అంగుళానికి ఎన్ని గళ్ళున్నాయో లెక్కపెట్టండి. 16కి తక్కువుంటే నేనైతే తీసుకోను. మరీ సన్నటిది వేస్తే దోమ రాదు సరే, గాలీ రాదు. ఫైబర్ మెష్ మెత్తగా ఉండి ఇంట్లో బిగించుకోవడానికి సులువు. పిల్లులున్న ఇల్లయితే స్టీలుది వేసుకోండి, గోళ్ళకి ఆగుతుంది.

చట్రం చుట్టూ గాడిలో ఉండే రబ్బరు తాడుని బీడింగు అంటారు. మాది ఎండకి ఎండి విరిగిపోయింది. దాని ముక్క కూడా కొట్టుకి పట్టుకెళ్ళాలి, లావు తేడా వస్తే గాడిలో నిలవదు. గాడిని పాత టూత్‌బ్రష్షుతో శుభ్రం చేసి, మెష్‌ని నాలుగువైపులా రెండంగుళాలు ఎక్కువుండేలా పరిచి, బీడింగుతో గాడిలోకి నొక్కుకుంటూ పోవాలి. దీనికి చిన్న చక్రంలాంటి పనిముట్టు ఉంటుంది. నేను దాని బదులు నా కజ్జికాయల చక్రం తెచ్చాను. దాని పళ్ళు రెండుచోట్ల మెష్ పోగులు తెంపేసరికి పక్కన పడేసి, చెక్క అట్లకాడ అంచుతో నొక్కాను. చక్కగా దిగింది. ఒక్క జాగ్రత్త! మంచం నవారులా బిగించి లాగకండి. లాగితే సన్నటి చట్రం నడుము దగ్గర లోపలికి వంగిపోతుంది, అప్పుడు తలుపు మళ్ళీ పట్టుకుంటుంది. ముడతల్లేకుండా ఉంటే చాలు. మిగిలిన అంచు చివర్న బ్లేడుతో కోసెయ్యాలి.

తలుపు పక్క అంచున కుచ్చులాంటి పట్టీ ఒకటుంటుంది, ఉన్నిలా ఉంటుంది. అది ఊడిపోతే మెష్ ఎంత కొత్తదైనా ఆ సందులోంచి దోమలు దర్జాగా వస్తాయి. మీటరు లెక్కన అమ్ముతారు, అడుగు వెడల్పూ కుచ్చు ఎత్తూ చూసి తెచ్చుకోవాలి. మాకు సగమే మార్చాల్సొచ్చింది.

పట్టా కడుగుతుంటే ఇంకో ఘనకార్యం బయటపడింది. వాననీళ్ళు బయటికి పోవడానికి పట్టాకి చిన్న చిన్న కన్నాలుంటాయి. మావి మట్టితో పూడిపోయి నీళ్ళు నిలిచి ఉన్నాయి. దోమలకి తలుపు పెట్టి, దాని కిందే తాగడానికి నీళ్ళు పెట్టామన్నమాట! పుల్లతో కన్నాలు తీసి, పట్టాలో వంగినచోట చెక్కముక్క ఆనించి మెల్లగా కొట్టి సరిచేసి, ఆరాక కొవ్వొత్తి రుద్దాను. మైనానికి నూనెలా దుమ్ము అంటుకోదు.

తలుపెక్కించాక నేను అత్తయ్యగారిని పిలవలేదు. ఆవిడంతట ఆవిడే చూసుకోవాలని నా ఉద్దేశం. మర్నాడు అయిదున్నరకి మెలకువ వచ్చి చెవులు రిక్కించుకుని పడుకున్నాను. గరగర లేదు, చప్పుడే లేదు. ఈవేళ కూడా వెళ్ళలేదు కాబోలనుకుని లేచి హాల్లోకి వస్తే, బాల్కనీలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. కొత్త తులసి మొక్క కుండీలో మట్టి తడిగా ఉంది. నన్ను చూసి, "మెష్ తలుపు వేసుకుని వెళ్ళమ్మాయ్, దోమలొస్తాయి. కాఫీ ఏదీ?" అన్నారు.

గొళ్ళెం ఒక్కటే ఇంకా దొరకలేదు. దాని స్క్రూ కన్నాల మధ్య దూరం ఇప్పుడొచ్చేవాటికి కుదరట్లేదు. హైదరాబాదులో ఉన్న మా వదినగారికి విరిగిన ముక్క పోస్టులో పంపాను, జుమ్మేరాత్ బజార్లో వెతుకుతానన్నారు. అప్పటిదాకా మా మెష్ తలుపుని రాత్రిళ్ళు నా పాత లంగా నాడాతో చట్రానికి కట్టి ఉంచుతున్నాం. చుట్టాలొచ్చినప్పుడు మావారు దాన్ని విప్పి జేబులో దాచుకుంటున్నారు.